గ్రీకు అక్షరాల వేలంపాట

నల్లమడుగు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రానికి పట్టిన గ్రహణం ఒక శాలువాతో మొదలైంది.

ఆ విశ్వవిద్యాలయంలో చదివేవాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళుంటారు. పగలంతా ఉద్యోగాలు చేసుకుని, తీరిక దొరికినప్పుడు ఫోన్లో పాఠాలు వింటారు. అర్థం కానివి గ్రూపులో రాసి అడుగుతారు. బీయస్సీ లెక్కల గ్రూపులో సమాధానాలు చెప్పేది ఇందుమతి. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవిలో ఆ ఉద్యోగం చచ్చిపోయి, రిజిస్ట్రారు సంతకంతో మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

ఆ రిజిస్ట్రారు పేరు ఆచార్య దండిభొట్ల సూర్యప్రకాశం గారు. పదవి రీత్యా ఆయన అన్ని గ్రూపుల్లోనూ సభ్యులు. లెక్కలు ఆయన విషయం కాదు, పరిపాలనాశాస్త్రం. అయినా తనకు ఎక్కడ సన్మానం జరిగినా ఆ ఫోటో లెక్కల గ్రూపులో కూడా పెట్టేవారు. విద్యార్థులకు స్ఫూర్తి కలగాలి కదా.

ఆ రోజు ఏదో కళాపరిషత్తు వాళ్ళు ఆయనకు శాలువా కప్పి, ‘పరిపాలనా రత్న’ అని బిరుదిచ్చారు. ఫోటో వచ్చింది. దాని కిందనే షేక్ మస్తాన్‌బీ తన సందేహం పెట్టింది.

మస్తాన్‌బీ బస్సు కండక్టరు. కదిలే బస్సులో నిలబడీ నిలబడీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. డిగ్రీ చేతికొస్తే డిపో ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగానికి అర్హత వస్తుంది. అన్నీ గట్టెక్కాయి, లెక్కల పేపరొక్కటే మిగిలింది. ఈసారి తప్పితే నిబంధనల ప్రకారం మళ్ళీ రాసే అవకాశం లేదు. ఫోన్లో గ్రీకు అక్షరం ఎలా కొట్టాలో ఆమెకు తెలియదు. అందుకని తెలుగులోనే రాసింది: “మేడమ్, పై విలువ ఎంత?”

ఇందుమతి పొయ్యి మీద పాలు చూసుకుంటూ జవాబిచ్చింది: “సుమారు మూడు అనుకో చాలు. దశాంశం తర్వాతదంతా దరీ దాపూ లేని వ్యవహారం. ఎంత దూరం వెళ్ళినా ఏమీ తేలదు.”

“అంతేనా మేడమ్, నేను ఇంకా చాలా ఉంటుందనుకున్నాను” అని మస్తాన్‌బీ రాసింది. గ్రూపులో చాలామంది ఆ మాటకు బొటనవేళ్ళు ఎత్తారు.

శాలువాకు ఇస్త్రీ చేయించుకుంటున్న సూర్యప్రకాశం గారు ఇదంతా చదివారు. పై విలువ అంటే పైనున్న ఫోటో విలువ అని ఆయనకు అర్థమైంది. మర్నాడు ఇందుమతిని పిలిపించి, ఒక ఉన్నతాధికారి విలువను దశాంశాలలో నిర్ణయించే అధికారం ఆమెకు ఎవరు దఖలు పరిచారని అడిగారు.

ఆ పై మీరు కాదు సార్, వృత్తం పై అని ఇందుమతి చెప్పింది.

“వృత్తముపై ఏమున్నది?” అన్నారు రిజిస్ట్రారు.

“వృత్తంపై ఏమీ లేదు సార్. వృత్తానికే ఒక పై ఉంటుంది.”

ఆయన కళ్ళు మూసుకుని, ఈ సంభాషణ తన గౌరవానికి ఇంకా భంగం కలిగిస్తున్నదని అన్నారు. ఇందుమతి కాగితం మీద రెండు కాళ్ళూ పైన ఒక కప్పూ గీసి చూపించింది. ఆయన దాన్ని నాలుగు వైపులా తిప్పి చూశారు. అప్పుడు ఆయన మనసు కుదుటపడింది. తప్పు మనుషులది కాదు, లిపిది. లిపిదైతే సర్క్యులరుతో పోతుంది.

సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. “విశ్వవిద్యాలయ అంతర్జాల సందేశములయందు గణిత సంబంధిత అక్షరములను తెలుగు లిపిలో వ్రాయుట వలన ఉన్నతాధికారుల గౌరవమునకు భంగము వాటిల్లుచున్నట్లు గమనింపబడినది. ఇకమీదట సదరు అక్షరములను, చిహ్నములను వాటి స్వస్వరూపమునందు మాత్రమే టైపు చేయవలెను. ఉల్లంఘించినవారిపై చర్య గైకొనబడును.”

నిజానికి ఇందుమతి సంతోషించింది. ఫోన్ కీబోర్డులో గ్రీకు భాష చేర్చుకుంటే అక్షరాలన్నీ వాటంతటవే వస్తాయని, ఎలా చేర్చుకోవాలో విద్యార్థులకు తాను చెబుతానని రాసింది. దానికి వెంటనే జవాబు వచ్చింది. సిబ్బందీ విద్యార్థులూ ఎవరికి వారు పరాయి దేశపు భాషను ఫోన్లలో ప్రవేశపెట్టుకోవడం భద్రత రీత్యా వాంఛనీయం కాదు. అక్షరాలను విశ్వవిద్యాలయమే సరఫరా చేస్తుంది. బయటి అక్షరాలు వాడరాదు.

సరఫరా అంటే స్టోర్సు. స్టోర్స్ ఆఫీసరు కాకర్ల పానకాలరావు మంచివాడు. సర్వీసంతా సుద్దముక్కలు, చీపుళ్ళు, ట్యూబులైట్లు లెక్కతప్పకుండా ఇచ్చిపుచ్చుకుంటూ గడిపాడు. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ అక్షరాలను పెన్‌డ్రైవులో పెట్టి పంపింది. ఆయన వాటిని ఒక్కొక్కటే చూసి స్టాకులో రాసుకున్నాడు. π ఒకటి. θ ఒకటి. Σ ఒకటి. ∞ దగ్గరికి వచ్చేసరికి ‘ఎనిమిది, రవాణాలో పక్కకు ఒరిగినది’ అని రాసి, కంపెనీకి ఫిర్యాదు చేశాడు.

ఇందుమతి π కావాలని ఇండెంటు రాసి పట్టుకుని వెళ్ళింది. గ్రూపులో అందరికీ కావాలి, కాపీ చేసి ఇవ్వండి, మీ దగ్గరున్నది మీ దగ్గరే ఉంటుంది అని చెప్పింది.

పానకాలరావు ఆ మాటను చాలాసేపు నమిలాడు. “ఇచ్చినాక కూడా నా దగ్గరే ఉంటే, ఇచ్చినట్టు ఎట్టా అవుద్దమ్మా?”

“అక్షరం అలాంటిదేనండీ. ఎంత ఇచ్చినా తరగదు.”

“తరగని సరుకు స్టోర్సులో ఉండటానికి వీల్లేదమ్మా. మా రూల్సు ఒప్పుకోవు.”

ఆయన నిజాయితీపరుడు. అందువల్ల ఆమెకు π పంపించి, వెంటనే తన దగ్గరున్న π ను తుడిచేశాడు. స్టాకు నిల్ అని రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇంకొకటి కావాలంటే పాతది తెచ్చి అప్పగించాలి.

ఆ విధంగా విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్క π మిగిలింది. అది ఇందుమతి ఫోన్లో ఉంది. మధ్యాహ్నం ఫిజిక్సు వాళ్ళకు లోలకం పాఠం వచ్చింది. వాళ్ళు గేట్‌పాస్ రాసుకుని వచ్చి π తీసుకెళ్ళారు. వాళ్ళు తిరిగిచ్చేదాకా లెక్కల విభాగంలో వృత్తాల పాఠం ఆపేసి, చతురస్రాలు చెప్పారు. స్టాటిస్టిక్సు వాళ్ళు Σ ను సంస్కృత విభాగానికి పొరపాటున పంపితే, అక్కడ దాన్ని ఏదో ప్రాచీన బీజాక్షరమనుకుని పూజలో పెట్టేశారు. తెచ్చుకోవడానికి మంచిరోజు చూడవలసి వచ్చింది.

ఈలోగా మస్తాన్‌బీకి కష్టం వచ్చింది. θ కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు పరిశీలనలో ఉంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఒక రోజు బస్టాండులో బస్సు ఆగి ఉండగా, డ్రైవరు టీ తాగి వచ్చేలోపు, మళ్ళీ తెలుగులోనే రాసింది. తొందరలో దీర్ఘం ఎగిరిపోయింది. గ్రూపులో ఇలా కనిపించింది: “మేడమ్, సైన్ పక్కన ఈ తీట ఎక్కడి నుంచి వచ్చింది? ఎంత చేసినా పోవడం లేదు.”

చర్మవ్యాధులను గణిత వేదికపై బహిరంగంగా చర్చించినందుకూ, తెలుగు లిపి నిషేధాన్ని ఉల్లంఘించినందుకూ ఆమెను గ్రూపు నుంచి తొలగించారు. పరీక్షలయ్యేదాకా చేర్చుకోవద్దని ఉత్తర్వు.

ఇందుమతి రోజూ విశ్వవిద్యాలయానికి ఎక్కేది ఆ బస్సే. తొలగించిన మర్నాడు మస్తాన్‌బీ ఆమెకు టిక్కెట్టిస్తూ, ఇంత చిన్న గీత కోసం నా మోకాళ్ళ మీద పగబట్టారేంటి మేడమ్ అని అడిగింది. ఆ రోజు నుంచి ఇందుమతి ముందు సీట్లో కూర్చుని, స్టేజీకీ స్టేజీకీ మధ్య ఆమెకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. టిక్కెట్లు కొట్టేదాకా ఆగి, తర్వాత సమాకలనాలు. వినీ వినీ వెనక సీటు కూరగాయల వ్యాపారులు కూడా అవకలనాల్లో కొంత ప్రవేశం సంపాదించారు.

అంతటితో ఊరుకోక, తన దగ్గరున్న ఒకే ఒక్క π నూ, ఫిజిక్సు వాళ్ళ దగ్గరున్న θ నూ, పూజలోంచి లేచి వచ్చిన Σ నూ, పక్కకు ఒరిగిన ∞ నూ ఇందుమతి గ్రూపులో పెట్టేసింది. ఇవి విశ్వవిద్యాలయం సరఫరా చేసినవే, వేలితో నొక్కిపట్టి కాపీ చేసుకోండి అని రాసింది. విద్యార్థులు రెచ్చిపోయారు. ఆకలిగొన్నవాళ్ళకు బంతిభోజనం దొరికినట్టయింది. అవసరమున్నవాడు ఒకటి రాశాడు, లేనివాడు పది రాశాడు. ఒకాయన తన కూతురి పుట్టినరోజుకు వరసగా వంద π లు పెట్టాడు. శుభాకాంక్షలకు ∞ వాడారు. వారంలో గ్రూపు గ్రీసు దేశంలా తయారైంది.

అప్పుడు ఆడిట్ వచ్చింది.

ఆడిటరు నిష్ఠల యజ్ఞేశ్వరరావు గారు కాఫీ కూడా సొంత ఫ్లాస్కులోనే తెచ్చుకునే మనిషి. స్టాకులో π ఒకటి అని ఉంది. ఇందుమతికి ఇచ్చినట్టు సంతకం ఉంది. భౌతిక తనిఖీ కోసం ఆయన ఆమె ఫోను తీసుకుని, గ్రూపు తెరిచి, లెక్కపెట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం కార్యాలయం మూసే వేళకు కూడా ఆయన వేలు పైకి తోస్తూనే ఉంది.

“ఒకటి ఇస్తే ఇన్ని ఎట్లా వచ్చాయమ్మా?” అని ఆయన అడిగారు.

కాపీ చేశారని ఇందుమతి చెప్పింది.

“అయితే ఇందులో అసలుది ఏది?”

“అన్నీ అసలువేనండీ.”

యజ్ఞేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తక్కువ వస్తే వసూలు చేస్తామనీ, ఎక్కువ వస్తే విచారణ చేస్తామనీ, అన్నీ అసలువే అనే మాటకు మాత్రం తమ శాఖలో ఇంతవరకూ గడి లేదనీ నెమ్మదిగా చెప్పారు. వచ్చిన అక్షరాలన్నిటినీ స్టోర్సుకు తిరిగి అప్పగిస్తే తప్ప ఆక్షేపణ తొలగదని రాశారు. ఆక్షేపణ తొలగితే తప్ప కాంట్రాక్టు పొడిగించనని రిజిస్ట్రారు గారు రాశారు.

ఇందుమతి ఆ రాత్రి అన్నం తినలేదు. తన ఉద్యోగం ఇన్నేళ్ళుగా ఒక సంతకం మీద నిలబడిందని ఆమెకు తెలుసు. ఒక అక్షరం మీద పడిపోతుందని మాత్రం అనుకోలేదు. ఉదయాన్నే గ్రూపులో విషయమంతా రాసి, ఎవరి దగ్గర ఎన్ని ఉంటే అన్నీ స్టోర్సు నంబరుకు పంపించెయ్యమని వేడుకుంది.

విద్యార్థులకు ఆమె అంటే ప్రాణం. పంపారు. అన్నం తింటూ పంపారు, ఆఫీసుల్లో ఫైళ్ళ చాటున పంపారు. పానకాలరావు ఫోను టేబులు మీద వణుకుతూ వణుకుతూ అంచుదాకా వెళ్ళింది. ఆయన పట్టుకుని మళ్ళీ మధ్యలో పెట్టాడు. మధ్యాహ్నానికి ఫోను ఆగిపోయి, నిల్వ స్థలం నిండిపోయింది అని తెర మీద రాసింది.

“నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా, గోడౌను చాలదని” అన్నాడు పానకాలరావు. ఆ ఫోనునే సాక్ష్యంగా చూపించి కొత్త గోడౌనుకు ప్రతిపాదన పంపాడు.

కానీ అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఇన్ని తిరిగొచ్చినా గ్రూపులో ఒక్కటీ తగ్గలేదు. అంటే మిగులు సరుకు రెండింతలైంది. యజ్ఞేశ్వరరావు గారికి నిద్ర పట్టడం మానేసింది. చివరికి ఆయనే మార్గం కనిపెట్టారు. మిగులు సరుకును బహిరంగ వేలం వేస్తే స్టాకు సున్నా అవుతుంది, ఆక్షేపణ తీరుతుంది. మళ్ళీ ఏ మూల నుంచైనా ఒక π బయటపడి తన మీదికి వస్తుందేమోనన్న భయంతో ఒక షరతు కూడా ఆయనే స్వయంగా రాశారు: “సకల గ్రీకు అక్షరములు మరియు గణిత చిహ్నములు, ఎక్కడ ఉన్నవి అక్కడ, ఎట్లున్నవి అట్లే, ఇకముందు బయటపడగల వాటితో సహా, పాటదారునకు సర్వహక్కులతో చెందును.”

రిజిస్ట్రారు గారు చదివి, భాష బాగుందని సంతకం చేశారు.

వేలం స్టోర్సు ఆవరణలో విరిగిన బల్లల మధ్య జరిగింది. పాత ఇనుము కొనే వ్యాపారులు కాటా తెచ్చుకుని వచ్చారు. సరుకు చూపించమన్నారు. పానకాలరావు ఫోను ఎత్తి చూపించాడు. వాళ్ళు కాటా మళ్ళీ ఆటోలో ఎక్కించుకున్నారు. సిబ్బంది పాడకూడదని నిబంధన ఉంది కాబట్టి ఇందుమతి దూరంగా నిలబడి చూస్తోంది. మూడోసారి పిలిచేసరికి గేటు దగ్గర బస్సు ఆగింది. మస్తాన్‌బీ ఖాకీ చొక్కాతో, భుజాన సంచితో లోపలికి వచ్చి, ఒక రూపాయి అంది. ఆమెకంటే ఎక్కువ పాడినవాళ్ళు లేరు. రసీదు తీసుకుని సంచిలో పెట్టుకుని, ఆలస్యమైతే ప్రయాణికులు తిడతారని వెళ్ళిపోయింది. ఎందుకు కొన్నావని తర్వాత ఇందుమతి అడిగితే, నా సొంతానివైతే ఎవరూ నన్ను గ్రూపులోంచి తీయలేరు కదా మేడమ్ అంది.

స్టాకు సున్నా అయింది. యజ్ఞేశ్వరరావు గారు ఫ్లాస్కు సర్దుకుని, చాలారోజుల తర్వాత హాయిగా ఆవలించి వెళ్ళారు. అయినా ఇందుమతి ఫైలు మాత్రం రిజిస్ట్రారు గారి బల్ల మీదే ఉంది. ఆయనకు ఆ దశాంశాలు ఇంకా గుర్తున్నాయి.

వారం తిరగకుండానే ప్రెస్సు నుంచి కబురు వచ్చింది. లెక్కల ప్రశ్నపత్రం అచ్చు వేయలేకపోతున్నారు. సగం ప్రశ్నలకు అక్షరాలు లేవు. పరీక్షల బాధ్యత కూడా అదనంగా మోస్తున్న సూర్యప్రకాశం గారు న్యాయ సలహా అడిగారు. వేలం షరతు ప్రకారం అక్షరాలు పాటదారు మస్తాన్‌బీవి, ఆమె అనుమతి లేకుండా వాడితే పరాయి సొత్తు కాజేసినట్టేనని సలహా వచ్చింది. అనుమతి అడుగుదామంటే ఆమె ఆ పరీక్ష రాసే అభ్యర్థి. ఏయే అక్షరాలు కావాలో చెబితే ప్రశ్నపత్రం బయటపెట్టినట్టవుతుంది. ఆయన రెండు రోజులు తల పట్టుకుని ఒక లేఖ తయారుచేశారు. దానిని మరొకరి చేతికిస్తే రహస్యం పోతుందని తానే బయలుదేరారు.

కారు వెంటపడితే బస్సు ఆగదు. ఆయన స్టేజీలో నిలబడి, చెయ్యెత్తి, బస్సెక్కారు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. మస్తాన్‌బీ ఆయన్ను గుర్తుపట్టింది. ఎక్కడికి సార్ అని అడిగి టిక్కెట్టు కొట్టింది. ముందు సీట్లో ఇందుమతి పుస్తకం మూసేసి లేవబోతే, అడగవచ్చినవాడు నిలబడటం తప్పనిసరి కనుక ఆయన కూర్చోమని సైగ చేసి, పైనున్న కడ్డీ పట్టుకుని లేఖ అందించారు.

మస్తాన్‌బీ పైకి చదివింది. “తమ స్వాధీనమునందున్న అక్షరములలో కొన్నింటిని, ఏవియో చెప్పరాని కారణముచే, ఎందులకో చెప్పరాని ప్రయోజనమునకు, విశ్వవిద్యాలయమునకు దయతో అనుమతింప ప్రార్థన.” చదివి మడత పెట్టింది. “పరీక్ష పేపరుకేనా సార్?”

“ఆ విషయము నేను ధ్రువీకరింపజాలను” అన్నారు రిజిస్ట్రారు. బస్సు గతుకులో పడింది. ఆయన ఒక కూరగాయల గంప మీద కూర్చుని మళ్ళీ లేచారు.

“మేడమ్ ఫైలు మీద సంతకం పెట్టండి సార్. నన్ను గ్రూపులో చేర్చండి. అన్నీ వాడుకోండి.”

ఫైలు ఆయన సంచిలోనే ఉంది. సంతకం కోసం ఆగిన ఫైళ్ళను ఆయన తన వెంటే తిప్పుకుంటారు. ఇందుమతి తన పుస్తకం కింద ఆసరాగా పట్టుకుంది. బస్సు ఊగుతూంటే ఆయన సంతకం పెట్టారు. అది చివరికి ∫ లాగా వచ్చింది గానీ చెల్లింది.

మస్తాన్‌బీ లేఖ వెనక్కి తిప్పి రాసింది: ‘ఎవరైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా, ఏ అక్షరమైనా రాసుకోవచ్చు.’ రిజిస్ట్రారు గారు చదివి, ఎవరైనా అంటే ఇతర విశ్వవిద్యాలయములు కూడానా అని సందేహం వెలిబుచ్చారు.

“వాళ్ళకీ లెక్కలుంటాయి కదా సార్” అంది ఆమె. ఆయన దిగవలసిన స్టేజీ వచ్చింది. ఆమె విజిల్ ఊదింది.

పరీక్ష సవ్యంగా జరిగింది. మస్తాన్‌బీ మంచి మార్కులతోనే గట్టెక్కింది. వాటిలో ఎక్కువ భాగం బస్సులో నేర్చుకున్న సమాకలనాల్లో వచ్చినవే. వర్షాకాలం మొదలయ్యేసరికి డిపో ఆఫీసులో, కిటికీ పక్కన, ఆమెకు కుర్చీ వేశారు. మొదటిరోజు ఆమె చాలాసార్లు ఊరికే లేచి, మళ్ళీ కూర్చుని చూసుకుందట.

కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ళు తమ ఆస్తుల వివరాలు రాసివ్వాలి. ఆమె దాచుకునే మనిషి కాదు. ఒక కుట్టుమిషను, రెండు గాజులు, సమస్త గ్రీకు అక్షరాలు, గణిత చిహ్నాలు అని రాసింది. డిపో మేనేజరు ఆ కాగితం పట్టుకుని వచ్చి, ఇవి ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగాడు.

“అందరి దగ్గరా ఉన్నాయి సార్.”

మేనేజరు అనుభవజ్ఞుడు. ఆ ప్రశ్న వదిలేసి తర్వాతి గడిలోకి వెళ్ళాడు. “స్థిరాస్తి కింద రాయమంటారా, చరాస్తి కిందా?”

మస్తాన్‌బీ ఆలోచించింది. ఇప్పుడామె లెక్కల పట్టభద్రురాలు. తప్పు చెప్పకూడదు.

“పై స్థిరం సార్. తీటా మాత్రం మారుతూ ఉంటుంది.”

మేనేజరు రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టి, పై ఆఫీసుకు పంపించాడు.